దుప్పుల్లో రాగి లోపం: ఖనిజ లవణాల ఇటుక సరిపోతుందా?

తెనాలి_దక్షిణం:
సభ్యులందరికీ నమస్కారం. మాది తెనాలి. ఆరేళ్లుగా న్యూజిలాండులోని సౌత్‌ల్యాండ్ ప్రాంతంలో ఒక ఎర్ర దుప్పుల ఫారంలో పని చేస్తూ, ప్రస్తుతం సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నాను. అక్కడ దుప్పుల పెంపకం మన దగ్గర గొర్రెల పెంపకమంత మామూలు పని. మొదటి లైసెన్సు 1970లో ఇచ్చారని, అంతకుముందు అడవి దుప్పులను పంటకు చేటు అని వేటాడించేవారని మా యజమాని చెబుతుంటారు. మాంసం కోసమూ, ఇంకా గట్టిపడని లేత నూగు కొమ్ముల కోసమూ పెంచుతారు.

అసలు విషయానికి వస్తాను. నేను బయలుదేరడానికి నెల ముందు, మందలోని నాలుగు ఆడ దుప్పులు నడకలో తేడా చూపడం మొదలుపెట్టాయి. నిలబడి ఉన్నంతసేపూ ఏ లోపమూ కనబడదు. తరిమితే మాత్రం నడుము ఒక పక్కకు ఒరిగిపోయి, వెనుక కాళ్లు ఒకదానికొకటి తగులుకుంటాయి. గేటు దగ్గర మలుపు తిరిగేటప్పుడు ఒకటి పూర్తిగా కూలబడింది. దగ్గరకు వెళ్లి చూస్తే మెడ మీది వెంట్రుక ఎరుపు తగ్గి, పాతబడిన కొబ్బరి పీచులాగా వెలిసిపోయి ఉంది. దాణా అమ్మే ప్రతినిధి వచ్చి చూసి, ఇది రాగి లోపమని, ప్రతి మడిలోనూ దుప్పులు నాకడానికి ఖనిజ లవణాల ఇటుక ఒకటి పెడితే చాలని చెప్పి వెళ్లాడు. అతని ఇటుకలో రాగి, సెలీనియం, కోబాల్టు, జింకు, అయోడిన్ అన్నీ ఉన్నాయి. కొమ్ములు కూడా బాగా పెరుగుతాయని హామీ.

మొన్న గుంటూరు పట్నం బజారులో పశువుల మందుల దుకాణం ముందు ఖనిజ లవణ మిశ్రమం బస్తాలు చూసి, ఇక్కడి అనుభవజ్ఞులను అడిగితే బాగుంటుందని తోచింది. ఇటుక నిజంగా పని చేస్తుందా? దుప్పులకు ఆవుల మిశ్రమం ఇవ్వవచ్చా, గొర్రెలదా?

గన్నవరం_పశువైద్యుడు:
నమస్కారం. గన్నవరం పశువైద్య కళాశాలలో చదువుకుని, ఇరవై ఏళ్లుగా ఆవులకు, గేదెలకు, జీవాలకు వైద్యం చేస్తున్నాను. దుప్పులను జంతు ప్రదర్శనశాలలో శిక్షణ కాలంలో తప్ప చేతితో ముట్టుకోలేదు కనుక, పుస్తకజ్ఞానం ఎంతో, అనుభవం ఎంతో విడదీసి చదువుకోండి.

మీరు వర్ణించిన నడక రాగి లోపానికి సరిగ్గా సరిపోతుంది. గొర్రెలలో ఈ జబ్బు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు సోకి, పుట్టిన గొర్రెపిల్ల లేచి నిలబడలేకపోతుంది. దుప్పులలో అలా కాదు. ఏడాది దాటినవి, ఎదిగినవి కూడా వెనుక కాళ్ల పట్టు కోల్పోతాయి. రాగి చాలక వెన్నుపాములోని నరాల మీది కొవ్వు పొర చెడిపోవడమే కారణం. ఒకసారి చెడిన ఆ పొర మళ్లీ రాదు కనుక, ఆ నాలుగింటి మీద ఆశ పెట్టుకోవద్దని యజమానికి ముందే చెప్పండి. మీరు చూడవలసినది మిగిలిన మందను.

అయితే ఇటుక గురించి చెప్పే ముందు నాకు మూడు సంగతులు తెలియాలి. మేతకు ఏమేమి పెడుతున్నారు? గడ్డి మళ్లకు ఇటీవల సున్నం చల్లారా? వధశాలకు వెళ్లిన దుప్పుల కాలేయం నుంచి నమూనా ఎప్పుడైనా పరీక్ష చేయించారా?

బెంజిసర్కిల్_శ్రోత:
మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. కంకిపాడు దగ్గర మాకు నాలుగు ఎకరాలు ఉన్నాయి. మన ప్రాంతంలో కూడా జింకలు పెంచి అమ్మడానికి అవకాశం ఉందా?

గన్నవరం_పశువైద్యుడు:
లేదండీ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి జంతువును పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. చట్టాన్ని మీరి పట్టినదీ పెంచినదీ ప్రభుత్వ ఆస్తి అవుతుంది. కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ గుర్తింపు లేకుండా ప్రదర్శనశాల పెట్టడానికీ వీల్లేదు. ఆ నాలుగు ఎకరాలలో గడ్డి వేసి గొర్రెలు పెంచుకోండి.

నల్లమల_అంచు:
ఒక చిన్న సవరణ. జింక వేరు, దుప్పి వేరు. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకకు ఉన్నవి జీవితాంతం ఉండే కొమ్ములు. లోపల ఎముక, పైన తొడుగు. చుక్కల దుప్పికీ, కణితి అనే సాంబరు దుప్పికీ ఉన్నవి రాలిపోయి మళ్లీ మొలిచేవి. దాణా లెక్క కూడా ఇక్కడే మారిపోతుంది, ఎందుకంటే దుప్పి మగది ప్రతిసారీ కొత్త ఎముకనే తలమీద మొలిపించుకోవాలి. శ్రీశైలం వైపు అడవిలో రాలిన కొమ్మును ఇంకో దుప్పి నోట పెట్టుకుని, ఒక పక్క నుంచి పళ్లతో గీరుతూ నములుతుండగా నేను చూశాను. ఆ కొమ్ము తీసి చూస్తే దాని చివర పలకబలపంలాగా సాఫుగా అరిగి ఉంది. భాస్వరం, సున్నం ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తీసుకుంటాయి. మన చుక్కల దుప్పులకు కొమ్ములు రాలడానికి ఒక కాలమంటూ గట్టిగా లేదు. ఎర్ర దుప్పులకు మాత్రం అది రుతువును బట్టి జరుగుతుందని విన్నాను.

మాచర్ల_మంద:
నాది మాచర్ల జాతి గొర్రెల మంద, తాతల కాలం నుంచి వస్తున్నది. దుప్పుల సంగతి నాకు తెలియదు గానీ, రాగి మాట వినగానే ఊరుకోలేక రాస్తున్నాను. రాగి పెట్టే ముందు చెయ్యి కాస్త ఆపుకోమని తెనాలి తమ్ముడికి చెప్పాలి.

మూడేళ్ల క్రితం వానాకాలంలో మందకు గిట్టల పుండ్లు పట్టాయి. మైలుతుత్తం, అంటే రాగి లవణం, కలిపిన నీళ్లలో కాళ్లు ముంచి నడిపిస్తే తగ్గుతుందని అందరికీ తెలిసిందే. సిమెంటు తొట్టిలో నీలం నీళ్లు కలిపి, మందను ఒక్కొక్కటిగా దాటించి, చీకటి పడుతుండటంతో తొట్టి పారబోయకుండా, మీద తడిక కూడా వేయకుండా వచ్చేశాను. రాత్రి దొడ్డి తడిక ఊడి కొన్ని బయటకు వచ్చాయి. తెల్లవారి చూస్తే తొట్టిలో నీళ్లు రెండు వేళ్ల మందం తగ్గి ఉన్నాయి; చుట్టూ నేల మీద ఆకుపచ్చా నీలమూ కలిసిన పారుడు. పదకొండు గొర్రెలు పోయాయి, అందులో రెండు చూడివి. ఇది పూర్తిగా నా తప్పే. ఆ తరువాత తమలపాకు తోటల్లో ఆ మైలుతుత్తంతోనే చేసే బోర్డో మందు కొట్టిన రోజుల్లో గట్ల మీద కూడా మందను తోలడం మానేశాను.

గన్నవరం_పశువైద్యుడు:
అన్నగారూ, మీరు చెప్పినది హఠాత్తుగా వచ్చే విషం. గొర్రెలలో దీనికంటే మోసకారి ఇంకొకటి ఉంది. రోజూ కొంచెం కొంచెంగా ఎక్కువైన రాగిని గొర్రె కాలేయం నెలల తరబడి దాచుకుంటూ పోతుంది, పైకి ఏమీ తెలియదు. ఒకరోజు లారీ ప్రయాణమో, వానో, పస్తో తగిలేసరికి కాలేయం ఆ రాగినంతా ఒక్కసారిగా రక్తంలోకి వదిలేస్తుంది. ఎర్ర రక్తకణాలు పగిలి, కళ్లు పచ్చబడి, మూత్రం కాఫీ రంగుకు తిరిగి, రెండు మూడు రోజుల్లో పోతుంది. అందుకే గొర్రెల కోసం చేసే మిశ్రమంలో రాగి అదనంగా కలపరు. బస్తా మీద ఆవు బొమ్మ ఉంటే అది గొర్రెలకు కాదు. కోళ్ల దాణా మిగిలిందని గొర్రెల తొట్టిలో పోసేవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దుప్పి గొర్రె అంత సున్నితం కాదు. రాగిని దానికంటే బాగా తట్టుకుంటుంది. ఆవుల మిశ్రమమా, గొర్రెలదా అని తెనాలి గారు అడిగిన ప్రశ్నకు నా సమాధానం: గొర్రెలది ఇస్తే రాగి చాలదు, ఆవులది ఇస్తే ఎంత లోపలికి వెళుతుందో చెప్పలేము. పైగా ఇక్కడి బస్తా ఏదీ ఆ దేశపు విమానాశ్రయం దాటదు. పశువుల మేత, మట్టి, విత్తనం విషయంలో వారి తనిఖీ చాలా కఠినం.

కంకిపాడు_దాణా:
నేను దాణా తయారీలో ఉన్నవాడిని. ఇటుకలు అమ్మేవాడిని కూడా కనుక, ముందే ఆ మాట చెప్పుకుంటున్నాను. ఇటుక పనికిరాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కృష్ణా డెల్టాలో వరిగడ్డి మీదే బతికే గేదెకు యూరియా, మొలాసిస్, ఖనిజాలు కలిపిన ఇటుక వేలాడదీస్తే పాలు, ఎద రెండూ మెరుగుపడటం నేను ఎన్నో కొట్టాల్లో చూశాను. కట్టేసిన గేదె ముందు ఇటుక దానిదే, అది ఎంత నాకుతుందో నాకు తెలుస్తుంది. విడిగా తిరిగే మందలో ఈ లెక్క తప్పుతుంది. పొట్టేళ్ల మందలో చూశాను: రెండు బలమైనవి ఇటుకను కాపలా కాస్తాయి, వెనుక ఉన్నవి దాని వాసన కూడా చూడవు. దుప్పుల్లో ఈ పెత్తనం ఇంకా ఎక్కువ ఉంటుందనుకుంటాను. కనుక తెనాలి గారూ, మీ ప్రతినిధి సరుకులో మోసం ఉందని నేను అనను గానీ, ఒక మడికి ఒక ఇటుక అన్న మాట మాత్రం అమ్మకందారు మాట.

తెనాలి_దక్షిణం:
పెత్తనం సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. బార్లీ గింజలు పోసే తొట్టి దగ్గర ముసలి ఆడ దుప్పి ఒకటి చెవులు వెనక్కి పెట్టి, ముందు కాళ్లతో లేచి కొడుతుంది. ఏడాది పిల్లలు అది వెళ్లేదాకా దూరంగా నిలబడతాయి.

డాక్టరు గారు అడిగిన మూడింటికీ యజమానితో ఫోనులో మాట్లాడి రాస్తున్నాను. వేసవిలో పచ్చిగడ్డి, తెల్ల క్లోవరు అనే పప్పుజాతి మేత. చలికాలంలో, అంటే మన జూన్ నుంచి ఆగస్టు వరకు, కేల్ అనే క్యాబేజీ జాతి పైరును చారలు చారలుగా కంచె జరుపుతూ మేపుతాం, తోడుగా కోసి పాతర వేసిన గడ్డి. ఆ పైరు మడి వాన పడితే మోకాలి లోతు బురద. సున్నం రెండేళ్ల కిందట అన్ని మళ్లకూ చల్లించారట. కాలేయ నమూనా ఇంతవరకు తీయించలేదు.

గన్నవరం_పశువైద్యుడు:
మీ సమాధానంలోనే చాలా వరకు విషయం ఉంది. కొంచెం పొడవుగా రాస్తాను.

గడ్డిలో ఎంత రాగి ఉందన్నది సగం లెక్క మాత్రమే. ఆ రాగిని అడ్డుకునేవి ఎన్ని ఉన్నాయన్నది రెండో సగం, తరచుగా అదే పెద్దది. నెమరు వేసే జంతువు పెద్ద పొట్టలో మాలిబ్డినం అనే ఖనిజం, గంధకం కలిసి ఒక సమ్మేళనంగా మారి రాగిని పట్టేసుకుంటాయి. ఆ రాగి పేడలో పోతుంది తప్ప పశువుకు అందదు. ఇప్పుడు మీ ఫారం చూడండి. సున్నం చల్లితే నేల పులుపు తగ్గి గడ్డి, ముఖ్యంగా క్లోవరు, మాలిబ్డినాన్ని ఎక్కువగా పీలుస్తుంది. క్యాబేజీ జాతి పైరులో గంధకం ఎక్కువ. బురద మడిలో మేసే పశువు ఆకుతో పాటు మట్టిని మింగుతుంది, మట్టిలోని ఇనుము కూడా రాగికి శత్రువే. ఈ మూడూ ఒకే చలికాలంలో ఒకే మంద మీద పడ్డాయి. గడ్డిలో రాగి మునుపటి అంతే ఉండి కూడా దుప్పికి చాలకపోవడానికి ఇది చాలు.

కేల్ గురించి ఇంకొక మాట. క్యాబేజీ జాతి పైర్లలో అయోడిన్‌ను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. చూడి దుప్పులను దాని మీదే మేపితే పిల్లలు గొంతు గ్రంథి వాచి పుట్టవచ్చు. దాన్నీ పరీక్షలో అడగండి.

పరీక్ష ఎక్కడ చేయించాలన్నది తరువాతి ప్రశ్న. రక్తం తీయడం తేలిక, కానీ రాగికి గోదాము కాలేయం. గోదాము ఖాళీ అయ్యేదాకా రక్తంలో మామూలుగానే కనబడుతుంది. ఎర్ర దుప్పులలో రక్తపు నీటిలో లీటరుకు 8 మైక్రోమోల్స్, తాజా కాలేయంలో కిలోకు 100 మైక్రోమోల్స్ పైన ఉంటే చాలినంత ఉన్నట్టు; రక్తంలో 5, కాలేయంలో 60 కంటే తగ్గితే లోపం ఉన్నట్టు లెక్క. వధశాలకు వెళ్లే దుప్పులు మీకు ఉన్నాయి కనుక, ఒకే మడిలో మేసిన కొన్నింటి కాలేయ ముక్కలు తీయించమని మీ అక్కడి పశువైద్యుణ్ణి అడగండి. చలికాలం చివర, వసంతం మొదట్లో రాగి అన్నిటికంటే తక్కువ ఉంటుంది, కనుక ఇప్పుడు వచ్చే అంకె ఇంకా కిందికి పోతుందని భావించి నిర్ణయం తీసుకోవాలి.

లోపం తేలితే, మందకు మంద అంతటికీ సమానంగా చేరే పద్ధతి రాగి ఆక్సైడు తీగ ముక్కలు నింపిన క్యాప్సూలు. గొంతులో వేస్తే క్యాప్సూలు కరిగి, తీగ ముక్కలు నాలుగో పొట్ట మడతల్లో చిక్కుకుని, అక్కడి ఆమ్లంలో కొద్దికొద్దిగా కరుగుతూ కొన్ని నెలలు పని చేస్తాయి. బలమైన దుప్పికి ఒకటి, బలహీనమైనదానికి ఒకటి. పెత్తనానికి తావు లేదు. మోతాదు బరువును బట్టి అక్కడి వైద్యుడే చెప్పాలి.

టెక్సాస్_గుంటూరువాడు:
నేను బ్రాడీపేటలో పెరిగి, ఇప్పుడు టెక్సాసులో ఉంటున్నాను. మా చుట్టుపక్కల తెల్లతోక దుప్పులను కొమ్ముల కోసం పెంచే ఫారాలు ఎన్నో ఉన్నాయి. ఒకదానికి లెక్కలు రాసి పెడుతుంటాను. కొమ్ములు పెరుగుతాయన్న హామీ మీద ఇక్కడ అమ్ముడుపోయే పొడులకు లెక్క లేదు. కొనుగోలు బిల్లులు నా చేతిమీదుగానే పోతాయి కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

కొమ్ము వేగంగా పెరిగే రోజుల్లో ఆ ఎముకకు కావలసిన సున్నం, భాస్వరం మేత ఒక్కదాని నుంచే అందవు. దుప్పి తన పక్కటెముకల నుంచి కొంత తీసి కొమ్ముకు పంపి, తరువాత తీరిగ్గా పూడ్చుకుంటుంది. మీరు ఆ నెలలో పోసే పొడి కంటే, ఏడాది పొడవునా అది తిన్న మేతే ముఖ్యం. వయసు, తండ్రి రక్తం, మాంసకృత్తులు, ఈ మూడూ బాగుంటే పొడి లేకపోయినా కొమ్ము వస్తుంది. అవి లేకపోతే పొడి వల్ల రాదు.

ఇంకొక భయం కూడా చెప్పాలి. 1967లో కొలరాడోలో మొదట కనిపెట్టిన, దుప్పులు కృశించి చనిపోయే ప్రయాన్ (రూపు చెడిన ప్రొటీను) జబ్బు ఇక్కడ చాలా రాష్ట్రాలకు పాకింది. 2016లో నార్వేలోనూ బయటపడింది. అది లాలాజలంలో, మూత్రంలో, పేడలో బయటకు వచ్చి నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది. అందరూ ఒకేచోట నాకే ఉప్పు గడ్డ అలాంటి జబ్బుకు కూడలి. రాగి తక్కువవడమే ఆ జబ్బుకు కారణమని, తమ పొడి దానిని ఆపుతుందని చెప్పేవారు ఇక్కడ తగులుతుంటారు, అది నమ్మవద్దు.

కంకిపాడు_దాణా:
టెక్సాసు వారి మాటలో న్యాయం ఉంది. అయినా నాకొక సందేహం. రాగి లోపం ఉన్నచోట సెలీనియం, కోబాల్టు కూడా లోపించే ఉంటాయి కదా. అన్నీ కలిసిన మిశ్రమం ఒకటి ఇస్తే ఎక్కువైనది మూత్రంలో పోతుంది, తక్కువైనది పూడుతుంది. విడివిడిగా పరీక్షల ఖర్చు ఎందుకు?

గన్నవరం_పశువైద్యుడు:
మూత్రంలో పోయేది మీ బి విటమిను మాత్ర. సెలీనియం అలా పోదు. న్యూజిలాండు నేలల్లో చాలాచోట్ల సెలీనియం తక్కువన్నది నిజమే, లోపిస్తే లేత జంతువుల కండ తెల్లబడి గుండె ఆగిపోతుంది. కానీ దాని అవసరం కిలో మేతకు మిల్లీగ్రాములో పదో వంతు మాత్రమే; కొన్ని మిల్లీగ్రాములు చేరితే అదే విషం. ఇప్పటికే ఎరువులో సెలీనియం కలిపి చల్లే ఫారాలు ఉన్నాయి. వాటిలో మళ్లీ ఇటుక, మళ్లీ సూది, మళ్లీ నట్టల మందులో కలిపినది ఇచ్చారంటే నాలుగు చోట్ల నుంచి ఒకే ఖనిజం లోపలికి పోతుంది, ఎవరూ కూడిక వేయరు. ఎరువు బిల్లు, నట్టల మందు డబ్బా మీది చీటీ కూడా ముందు చదవమని తెనాలి గారికి మనవి.

భాస్వరం విషయంలో మన వాళ్లకూ ఒక మాట. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. పొట్టేళ్లను తవుడు మీద బలిపిస్తే మూత్రంలో రాళ్లు కట్టి, పొట్ట ఉబ్బి, వంగి వంగి నిలబడి చనిపోయినవి నేనే ఎన్నో కోసి చూశాను. మగ దుప్పికీ ఆ మూత్రనాళమే ఉంది.

మాచర్ల_మంద:
డాక్టరు గారూ, మా మందలో చిక్కిపోయిన పిల్లలు కనబడితే నేను ముందు నట్టల మందే వేస్తాను, తరువాతే ఖనిజాలు. దుప్పుల్లో ఆ వరస పనికిరాదా?

తెనాలి_దక్షిణం:
అన్నగారూ, అక్షరాలా అదే వరస. తల్లి నుంచి విడదీసిన పిల్లలు చిక్కిపోతే మేము ముందు చూసేది ఊపిరితిత్తుల పురుగులను. మేకకు దగ్గు వచ్చినట్టు దుప్పి పెద్దగా దగ్గదు. పరుగెత్తించిన తరువాత మెడ చాచి చిన్నగా ఒక్కసారి దగ్గుతుంది, ఆ ఒక్కటే గుర్తు. శీతాకాలం మొదట్లో పారుడుతో హఠాత్తుగా చనిపోయే, యెర్సినియా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు ఇంకొకటి, దానికి టీకా ఉంది. వాటికి ఏ ఖనిజమూ మందు కాదు. బార్లీ గింజలను కూడా రెండు మూడు వారాల పాటు గుప్పెడు గుప్పెడు పెంచుకుంటూ పోతేనే పెద్ద పొట్ట పులియకుండా ఉంటుంది.

గన్నవరం_పశువైద్యుడు:
ఇవన్నీ తెలిసినవారు మమ్మల్ని అడగడం మీ వినయం. ఫలితం వచ్చాక తప్పక రాయండి.

తెనాలి_దక్షిణం (మూడు వారాల తరువాత):
అందరికీ మళ్లీ నమస్కారం. నడక చెడిన నాలుగింటిలో రెండింటిని తీసేయవలసి వచ్చింది. వాటితోపాటు వధశాలకు వెళ్లిన మరికొన్నింటి కాలేయాలు పరీక్షకు పంపారు. కేల్ మడిలో మేసినవాటిలో ఒక్కదానికి కూడా రాగి చాలినంత లేదు. కొండ మీది పాత గడ్డిలో, సున్నం చల్లని వైపు మేసినవి అన్నీ బాగున్నాయి. సెలీనియం అందరికీ సరిపోయినంత ఉంది, ఎరువులో కలిపి చల్లుతున్నారని బిల్లు చూస్తే తేలింది. ప్రతినిధి ఇటుకలను యజమాని వెనక్కి పంపారు; అతను కొంచెం నొచ్చుకున్నాడట.

చూడి దుప్పులన్నిటికీ ఈ చలికాలంలోనే రాగి క్యాప్సూళ్లు వేయాలని అక్కడి వైద్యుడు నిర్ణయించారు. నేను జూలై మొదటి వారంలో తిరిగి వెళుతున్నాను, ఆ పని నా చేతిమీదే జరుగుతుంది. కాన్పులు నవంబరులో మొదలవుతాయి. ఇప్పుడు తల్లికి వేసిన రాగి పిల్లకు అందుతుందా, లేక పిల్లలకు విడిగా మళ్లీ వేయాలా?

గన్నవరం_పశువైద్యుడు:
కడుపులో ఉండగా కాలేయానికి అందుతుంది, అందుకే చలికాలంలో తల్లికి వేయమన్నారు. పాల ద్వారా మాత్రం రాగి పెద్దగా రాదు. పిల్లలను తల్లి నుంచి విడదీసేది మార్చిలో అయితే, అప్పుడు కొన్నింటి రక్తం తీయించి చూసుకోండి. తూకం వేసే రోజునే తీయించండి, మళ్లీ ఒకసారి వాటిని యార్డులోకి తోలే పని తప్పుతుంది.

మాచర్ల_మంద:
క్యాప్సూలు వేశాక నోరు మూసి, గొంతు నిమిరి, మింగిందో లేదో చూసి వదలండి తమ్ముడూ. మా గొర్రెలు మాత్రను దవడలో దాచుకుని, పది అడుగులు వెళ్లాక ఉమ్మేస్తాయి.